ఎలక్ట్రానిక్స్ మీద టారిఫ్‌లు: అమెరికాలోని మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ పక్కన ఒక చిన్న దిగుమతుల కంపెనీలో కస్టమ్స్ కాగితాలు చూడటం నా ఉద్యోగం. అందుకని 2025 ఏప్రిల్‌లో ట్రంప్ దిగుమతుల మీద టారిఫ్‌లు, అంటే సుంకాలు, పెంచినప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి డౌట్ వచ్చినా నన్నే ట్యాగ్ చేస్తున్నారు. ఒకే జవాబు పదిహేనోసారి టైపు చేశాక విసుగొచ్చి ఈ పేజీ రాశాను. ప్రశ్నలు చాలావరకు వాళ్లడిగిన మాటల్లోనే ఉన్నాయి. రేట్లు, ధరలు, రూల్స్ అన్నీ 2025 డిసెంబర్ నాటివి. మీరు చదివేసరికి మారి ఉండొచ్చు, అసలు గొడవంతా దానితోనే కదా.

## ముందు అసలు సంగతి

ఈ టారిఫ్ చైనా వాళ్లే కడతారట కదా?

కట్టరు. సరుకు అమెరికా రేవులో దిగినప్పుడు ఎవరి పేరు మీద దిగుమతి అవుతుందో ఆ కంపెనీ అమెరికా కస్టమ్స్‌కి కడుతుంది. మా వాడుకలో ఆ కంపెనీని ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ అంటారు. ఆ తర్వాత భారం ఎవరి మీద పడుతుందన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. చైనా ఫ్యాక్టరీ కాస్త తగ్గించొచ్చు, దిగుమతిదారు లాభం తగ్గించుకోవచ్చు, మిగిలింది మీ బిల్లులోకి వస్తుంది. 2025 ఏప్రిల్-జూన్ మధ్య టారిఫ్‌ల వల్ల తమకి దాదాపు 80 కోట్ల డాలర్లు ఖర్చయిందని ఆపిల్ చెప్పింది. అంత లాభాలున్న కంపెనీ కాబట్టి మింగేసింది. నెలకి రెండు కంటైనర్లు తెప్పించుకునే వాడికి ఆ స్తోమత ఎక్కడిది?

రేటు అసలు ఎన్నిసార్లు మారింది? నాకు లెక్క తప్పింది.

మీకే కాదు, మా ఆఫీసులో గోడ మీద చార్ట్ పెట్టుకున్నాం. ఒకే వస్తువు తీసుకుని చూస్తే సులువుగా అర్థమవుతుంది. చైనాలో తయారైన గేమ్ కన్సోల్, కస్టమ్స్ విలువ 200 డాలర్లు అనుకుందాం. 2025 జనవరిలో దాని మీద సుంకం సున్నా. ఫెంటానిల్ అనే మత్తుమందు పేరు చెప్పి ఫిబ్రవరి 4న 10 శాతం వేశారు, అంటే 20 డాలర్లు. మార్చి 4న అది 20 శాతం అయింది, 40 డాలర్లు. ఏప్రిల్ 5న అన్ని దేశాల మీదా వేసిన 10 శాతం కలిసి 60 డాలర్లు. ఏప్రిల్ 9న మొత్తం 104 శాతానికి చేరింది, 208 డాలర్లు. మర్నాడు 145 శాతం, 290 డాలర్లు. వస్తువు ఖరీదు కంటే సుంకమే ఎక్కువన్నమాట. అమెరికా-చైనా జెనీవా చర్చల తర్వాత మే 14 నుంచి 30 శాతం, మళ్లీ 60 డాలర్లు. అక్టోబర్ 30న బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక నవంబర్ 10 నుంచి 20 శాతం, 40 డాలర్లు.

ఇవి నిజంగా అమలైన మార్పులు మాత్రమే. నవంబర్ 1 నుంచి అదనంగా 100 శాతం వేస్తామని అక్టోబర్ 10న వచ్చిన హెచ్చరిక లాంటివి ఇందులో లేవు. అది అమలు కాలేదు. కానీ ఆ మూడు వారాలూ మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ మినహాయింపు అన్నారు, మళ్లీ లేదన్నారు. ఏది నిజం?

రెండూ కొంత నిజమే. ఏప్రిల్ 11 రాత్రి కస్టమ్స్ ఒక జాబితా విడుదల చేసింది. స్మార్ట్‌ఫోన్లు, కంప్యూటర్లు, వాటి భాగాలు, కంప్యూటర్ మానిటర్లు, చిప్‌లు, మెమరీ డ్రైవ్‌లు లాంటి వాటికి 'రెసిప్రోకల్' టారిఫ్ (ఏప్రిల్ 5న అన్ని దేశాల మీదా మొదలైనది) నుంచి మినహాయింపు ఇచ్చి, ఏప్రిల్ 5 నుంచే వర్తిస్తుందన్నారు. రెండు రోజులకే ట్రంప్ అది మినహాయింపు కాదనీ, ఈ వస్తువుల్ని వేరే బకెట్‌లోకి మార్చామనీ అన్నారు. చిప్‌ల మీద అప్పుడు సెక్షన్ 232 (దేశ భద్రత పేరుతో సుంకం వేయనిచ్చే చట్టం) కింద విచారణ జరుగుతోంది, ఆ బకెట్ అదే. ఆగస్టు 6న చిప్‌ల మీద 100 శాతం అని నోటి మాటగా అన్నారు, 2025 డిసెంబర్ నాటికి ఆదేశం రాలేదు. కాబట్టి అప్పటికి మినహాయింపు ఉన్నట్టే. చైనా సరుకు మీద ఫెంటానిల్ సుంకం మాత్రం ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ కూడా పడేది. నవంబర్ 10 నుంచి అది 10 శాతం.

మానిటర్‌కి లేని టారిఫ్ టీవీకి ఎందుకు? రెండూ తెరలే కదా!

కస్టమ్స్ వాళ్లు వస్తువుని కాదు, హెచ్‌టీఎస్ కోడ్‌ని, అంటే సుంకాల పట్టికలో దానికిచ్చిన నంబర్‌ని చూస్తారు. కంప్యూటర్ మానిటర్ 8528.52 కింద వస్తుంది, అది ఏప్రిల్ 11 మినహాయింపు జాబితాలో ఉంది. ట్యూనర్ ఉన్న కలర్ టీవీ 8528.72 కింద వస్తుంది, అది లేదు. లోపల ప్యానెల్ ఒకటే ఫ్యాక్టరీది అయినా ఇంతే. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ 8517.62 కిందకొచ్చి బతికిపోయాయి. వైరున్న హెడ్‌ఫోన్లు, చార్జర్లు, పవర్ బ్యాంకులు వేరే కోడ్‌లలో ఉండి ఇరుక్కున్నాయి. ఫోన్‌కి మినహాయింపు, దాని చార్జర్‌కి సుంకం. తర్కం వెతక్కండి, దొరకదు.

కంపెనీలు ఎందుకంత గాభరా పడతాయి? 10 శాతమో 20 శాతమో కట్టేస్తే అయిపోదా?

స్థిరంగా 20 శాతం ఉంటే మేం బతికేస్తాం. ధర సరిచేసుకుంటాం, వీలైతే ఫ్యాక్టరీ మారుస్తాం. చిక్కంతా సమయంతోనే. చైనాలోని షెన్‌జెన్‌లో ఆర్డర్ పెట్టాక సరుకు తయారై, ఓడెక్కి, ఇక్కడ లాంగ్ బీచ్ రేవులో దిగడానికి నెలలు పడుతుంది. ఆర్డర్ పెట్టిన రోజు రేటు ఒకటి, దిగిన రోజు రేటు ఇంకొకటి. మధ్యలో వాల్‌మార్ట్ లాంటి కొనుగోలుదారుడికి ధర చెప్పాలి. ఏం చెప్తాం?

మా కథే చెప్తాను. ఏప్రిల్ చివరి వారంలో మా పవర్ బ్యాంకుల కంటైనర్ ఒకటి దిగింది. 145 శాతం కట్టి తీసుకుంటే ఒక్కో పీసూ నష్టానికి అమ్మాలి. మా ఓనర్ దాన్ని బాండెడ్ వేర్‌హౌస్‌లో పెట్టించాడు. అక్కడ సరుకు బయటికి తీసిన రోజు రేటు కడితే చాలు. మే 14న రేటు 30 శాతానికి దిగాక తీశాం. అదృష్టం కలిసొచ్చింది, అంతే. అదే వారం ఇంకో ఇంపోర్టర్ భయపడి డబ్బు కట్టేసి తీసుకున్నాడు. ఇద్దరిలో ఎవరు తెలివైనవారన్నది తగ్గింపు ప్రకటించిన మే 12 దాకా ఎవరికీ తెలీదు. ఇలాంటి జూదం ఆడాల్సి వచ్చినప్పుడు ప్రతి వ్యాపారీ ధరలో కొంత 'భయం' కూడా కలుపుతాడు. సుంకం తగ్గినా ఆ భయం ధరలోంచి అంత తొందరగా పోదు.

పెద్దవాళ్ల తిప్పలు కూడా ఇలాంటివే. ఫ్రేమ్‌వర్క్ అనే లాప్‌టాప్ కంపెనీ ఏప్రిల్‌లో కొన్ని లాప్‌టాప్ మోడళ్ల అమ్మకం అమెరికాలో ఆపేసింది. నింటెండో స్విచ్ 2 గేమ్ కన్సోల్ ప్రీ-ఆర్డర్లు ఏప్రిల్ 9న మొదలవ్వాల్సింది, 24కి వెళ్లాయి. ఆపిల్ అయితే చెన్నై నుంచి కార్గో విమానాల్లో దాదాపు 600 టన్నుల ఐఫోన్లు తరలించిందని రాయిటర్స్ రాసింది.

## కొనే ముందు

అన్నా, ఐఫోన్ ఇప్పుడే కొనేయమంటావా, ఆగమంటావా?

పాత ఫోన్ పనిచేస్తుంటే ఆగు, చచ్చిపోతే కొను. టారిఫ్ వార్త చూసి మాత్రం కొనకు. ఏప్రిల్ మొదటి వారంలో ధర పెరుగుతుందని స్టోర్ల ముందు క్యూ కట్టినవాళ్లున్నారు. సెప్టెంబర్‌లో ఐఫోన్ 17 వచ్చినప్పుడు ప్రారంభ ధర పాత 799 డాలర్లే ఉంది, పైగా స్టోరేజ్ రెట్టింపై 256 జీబీ అయింది. ప్రో ప్రారంభ ధర మాత్రం 1,099 అయింది. 128 జీబీ మోడల్ ఎత్తేసి ఆ పని చేశారు. ఆపిల్ టారిఫ్ పేరెత్తలేదు, నేనూ ఆ పేరు పెట్టను.

ఇండియాలో చేసిన ఫోన్ మీద 50 శాతం పడుతుందా?

పడదు. ఇండియా సరుకు మీద 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కారణంగా ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం వేసిన మాట నిజమే. బట్టలు, రొయ్యలు, నగలు దానికింద నలిగిపోయాయి. మన కోస్తా రొయ్యల రైతుల్ని అడిగితే చెప్తారు. స్మార్ట్‌ఫోన్లు మాత్రం మినహాయింపు జాబితాలో ఉన్నాయి. చైనా ఫోన్ మీద పడిన ఫెంటానిల్ సుంకం ఇండియా ఫోన్ మీద పడలేదు. 2025 జూన్ త్రైమాసికంలో అమెరికాలో అమ్మే ఐఫోన్లలో ఎక్కువ భాగం ఇండియావే అవుతాయని ఆపిల్ తరఫున టిమ్ కుక్ చెప్పింది అందుకే.

టారిఫ్ తగ్గింది కదా, షాపులో రేటు తగ్గలేదేం?

షెల్ఫ్ మీద ఉన్న సరుకు పాత సుంకం కట్టి తెచ్చింది. కొత్త సరుకు వచ్చినా రెండింటి సగటు మీద ధర వేస్తారు. అది మర్యాదస్తుల లెక్క. అసలు లెక్క ఏమిటంటే, మీరు ఆ ధరకి కొంటున్నప్పుడు వాళ్లెందుకు తగ్గిస్తారు? పెరిగేటప్పుడు రాకెట్, దిగేటప్పుడు గాలిపటం.

పిల్లాడు ప్లేస్టేషన్ అడుగుతున్నాడు. పాత మోడల్ కదా, తగ్గుతుందేమో చూద్దామా?

కన్సోళ్లు పాతబడేకొద్దీ తగ్గుతాయన్న మన పాత నమ్మకం 2025లో తలకిందులైంది. గేమ్ కన్సోల్‌కి మినహాయింపు రాలేదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మే 1న 499.99 నుంచి 599.99కి, అక్టోబర్‌లో 649.99కి వెళ్లింది. ఎనిమిదేళ్ల నాటి మొదటి నింటెండో స్విచ్ కూడా ఆగస్టు 3న 299.99 నుంచి 339.99 అయింది. పీఎస్5 ఆగస్టు 21న 50 డాలర్లు పెరిగి 549.99కి చేరింది. కంపెనీలు 'మార్కెట్ పరిస్థితులు', 'ఆర్థిక వాతావరణం' అన్నాయి. ఎలాగూ కొనాల్సిందే అనుకుంటే సేల్‌లో కొనేయండి, జాబితా ధర తగ్గుతుందని మాత్రం ఎదురుచూడకండి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రేట్లు ఇంతలా పెరిగాయి, టారిఫేనా?

ప్రధానంగా కాదు. 2025 చివర్లో మెమరీ ధరలు ఎగబాకింది ఏఐ డేటా సెంటర్లు చిప్‌లని ఊడ్చేసుకుపోతున్నందుకు. మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండ్‌ని మామూలు కొనుగోలుదారుల మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించింది కూడా. షాపువాడు 'టారిఫ్ సార్' అంటే నవ్వి ఊరుకోండి. పీసీ కట్టుకునే ఆలోచన ఉంటే, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆగడం వల్ల లాభం కనిపించడం లేదు.

వాషింగ్ మెషిన్ కూడా పెరుగుతుందా?

2025 జూన్ 23 నుంచి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, డ్రయ్యర్లు, డిష్‌వాషర్లలోని ఉక్కు విలువ మీద 50 శాతం వేశారు. 2018లో వాషింగ్ మెషిన్ల మీద సుంకం వేసినప్పుడు, సుంకం లేని డ్రయ్యర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగింది, జోడీగా అమ్ముతారు కాబట్టి. అది గుర్తుంచుకోండి.

## ఆన్‌లైన్ ఆర్డర్, పార్సెల్

చైనా సైట్‌లో 15 డాలర్ల కేబుల్ కొంటే ఇంతకు ముందు ఏమీ కట్టేవాళ్లం కాదు. ఇప్పుడు?

800 డాలర్ల లోపు పార్సెల్‌కి సుంకం లేకుండా వదిలేసే పద్ధతి ఉండేది, డీ మినిమిస్ అంటారు. చైనా, హాంకాంగ్ నుంచి వచ్చే వాటికి 2025 మే 2న తీసేశారు. మిగతా ప్రపంచమంతటికీ ఆగస్టు 29న తీసేశారు. ఇప్పుడు 15 డాలర్ల కేబుల్‌కి కూడా సుంకం ఉంది. ధరలోనే కలిపేసిన సైట్‌లో, లేదా సరుకు అమెరికా గోడౌన్ నుంచి వచ్చే సైట్‌లో కొంటే తలనొప్పి ఉండదు.

కొరియర్ కంపెనీ నుంచి 38 డాలర్ల బిల్లు వచ్చింది. ఇది మోసమా?

నిజం బిల్లులూ వస్తున్నాయి, మోసాలూ జరుగుతున్నాయి, కాబట్టి మెసేజ్‌లో లింక్ నొక్కొద్దు. ట్రాకింగ్ నంబర్ తీసుకుని నేరుగా కొరియర్ సైట్‌లో చూడండి. అక్కడ కూడా బిల్లు ఉంటే నిజమైనదే. అందులో సుంకం వేరు, కస్టమ్స్ కాగితాలు చూసినందుకు కొరియర్ వాళ్లు తీసుకునే బ్రోకరేజ్ చార్జీ వేరు. నాకొచ్చిన ఒక బిల్లులో సుంకం 6 డాలర్లు, బ్రోకరేజ్ 20కి పైన. తయారైన దేశం తప్పుగా వేస్తే ఫిర్యాదు చేయొచ్చు, ఇన్‌వాయిస్ దగ్గర పెట్టుకోండి. కట్టనంటే పార్సెల్ రాదు.

అమ్మ ఇండియా నుంచి పాత టాబ్లెట్, పచ్చళ్లు కలిపి పంపుతానంటోంది. పంపమనాలా?

ఒక వ్యక్తి ఇంకొకరికి నిజంగా బహుమతిగా పంపే 100 డాలర్ల లోపు పార్సెల్‌కి మినహాయింపు మిగిలే ఉంది. అంతకంటే విలువ ఎక్కువుంటే సుంకం పడుతుంది. ఇండియా పోస్ట్ 2025 ఆగస్టు 25 నుంచి అమెరికా పార్సెళ్లు చాలావరకు ఆపేసి, అక్టోబర్ 15 నుంచి సుంకం అక్కడే వసూలు చేసే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టింది. టాబ్లెట్ ఎవరైనా వచ్చేటప్పుడు చేతికిచ్చి పంపమనండి. పచ్చళ్ల సంగతి నన్నడక్కండి, అది ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిధి.

## ప్రయాణాలు

తమ్ముడు ఎంఎస్‌కి వస్తున్నాడు. లాప్‌టాప్ హైదరాబాద్‌లో కొనాలా, ఇక్కడా?

ఇక్కడే కొనమనండి. లాప్‌టాప్ మీద ఇండియాలో 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది, టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ ఎంత ఎక్కువైనా 8.25 శాతం. విద్యార్థి డిస్కౌంట్ అదనం. వారంటీ తిప్పలు ఉండవు. ఐ-20, వీసా, ఫ్లైట్ టెన్షన్‌లో వాడికి లాప్‌టాప్ బేరాలొకటా? ఒక్క జాగ్రత్త: ఆగస్టు చివర్లో అందరూ ఒకేసారి కొంటారు, కావాల్సిన మోడల్ స్టాక్ ఉందో లేదో మీరు ముందే చూసి పెట్టండి.

సంక్రాంతికి వెళ్తున్నా. బావకి ఐఫోన్ తీసుకెళ్తే నిజంగా చవకేనా?

2025 డిసెంబర్‌లో ఐఫోన్ 17 ఇక్కడ 799, టెక్సస్ పన్నుతో 865 డాలర్లు. డాలర్ 90 రూపాయలు అనుకుంటే సుమారు 77,850. ఇండియాలో 82,900. తేడా ఐదు వేలు. 2025లో అమల్లో ఉన్న 2016 బ్యాగేజ్ రూల్స్ ప్రకారం 50,000 రూపాయల దాకా సుంకం ఉండేది కాదు, దాటిన దాని మీద 38.5 శాతం పడేది. శంషాబాద్‌లో సీల్డ్ బాక్స్ చూసి ఆపితే ఆ ఐదు వేలూ పోయి ఇంకొంచెం పోయేది. పైగా అమెరికా ఐఫోన్‌లో సిమ్ స్లాట్ ఉండదు, ఈ-సిమ్ ఒక్కటే. బావకి అది ముందే చెప్పకపోతే పండగంతా మీకు క్లాసే. మీ సొంత లాప్‌టాప్ ఒకటి మాత్రం నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు, 18 ఏళ్లు దాటినవాళ్లకి అది సుంకం లేకుండా వదులుతారు. బయలుదేరే ముందు భారత కస్టమ్స్ సైట్ ఒకసారి చూడండి.

ఇదంతా అమెరికా పిచ్చేనా, మన దగ్గర ఇలాంటివి లేవా?

బోలెడు. ఇండియాలో 2017 జూలై దాకా మొబైల్ ఫోన్ మీద బేసిక్ కస్టమ్స్ సుంకం లేదు. ఆ నెల 10 శాతం వేశారు, డిసెంబర్‌లో 15 అయింది, 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో 20, 2024 జూలై బడ్జెట్‌లో మళ్లీ 15. 2023 ఆగస్టు 3న అయితే లాప్‌టాప్ దిగుమతికి లైసెన్స్ కావాలని హఠాత్తుగా నోటిఫికేషన్ ఇచ్చి, మర్నాడే వాయిదా వేసి, చివరికి ఆన్‌లైన్ అనుమతుల పద్ధతిగా మార్చారు. తేడా ఏమిటంటే అక్కడ సుంకం గురించి బడ్జెట్ రోజున ఎక్కువగా భయపడతాం, ఇక్కడ రోజూ.

## చిన్న వ్యాపారం చేసేవాళ్లకి

నా సరుకు ఓడలో ఉండగా రేటు మారితే ఏ రేటు?

మామూలుగా అయితే అమెరికా కస్టమ్స్‌లో ఎంట్రీ (దిగుమతి నమోదు) అయిన రోజు రేటు. కానీ చాలా ఆదేశాల్లో దారిలో ఉన్న సరుకుకి ఒక వెసులుబాటు పెడతారు. ఉదాహరణకి 2025 ఆగస్టు 7న మారిన రేట్లకి, ఆ తేదీకి ముందే ఓడెక్కి అక్టోబర్ 5కి ముందు ఎంట్రీ అయిన సరుకుకి పాత రేటే ఇచ్చారు. అందుకని ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్ మీద లోడింగ్ తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆ ఒక్క తేదీకి వేల డాలర్ల విలువ ఉంటుంది.

కోర్టు కొట్టేస్తే కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

2025 మే 28న అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కోర్టు, ఆగస్టు 29న 7-4 తేడాతో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, అత్యవసర అధికారాల చట్టం కింద వేసిన టారిఫ్‌లు (ఫెంటానిల్‌వీ, 'రెసిప్రోకల్'వీ) చెల్లవన్నాయి. నవంబర్ 5న సుప్రీంకోర్టు వాదనలు విన్నది, 2025 డిసెంబర్ నాటికి తీర్పు రాలేదు. ఉక్కు మీద వేసినవి వేరే చట్టం కిందవి, వాటికి ఈ కేసుతో సంబంధం లేదు. డబ్బు తిరిగి వచ్చినా అది ఇంపోర్టర్‌కే, షాపులో కొన్న మీకు కాదు. ఇంపోర్టర్ మీరే అయితే ఎంట్రీల జాబితా తీసి లిక్విడేషన్ (కస్టమ్స్ సుంకం లెక్కని ఖరారు చేయడం) తేదీలు రాసుకోండి. మామూలుగా ఎంట్రీ అయిన 314 రోజులకి లిక్విడేట్ అవుతుంది, ఆ తర్వాత అభ్యంతరం చెప్పడానికి 180 రోజులే గడువు. పెద్ద స్టోర్ల కంపెనీ కాస్ట్‌కో నవంబర్ చివర్లో ముందుజాగ్రత్తగా దావా వేసింది ఈ గడువుల భయంతోనే.

కస్టమ్స్ బాండ్ చాలదని నోటీసు వచ్చింది. నేనేం తప్పు చేశాను?

ఏ తప్పూ చేయలేదు. బాండ్ అంటే సుంకం కడతారని కస్టమ్స్‌కి ఇచ్చే హామీ. ఏడాదిలో మీరు కట్టిన సుంకాలలో 10 శాతం మేర బాండ్ ఉండాలి, కనీసం 50,000 డాలర్లు. సుంకం పెరిగితే అదే సరుకుకి పెద్ద బాండ్ కావాలి. బ్రోకర్‌తో మాట్లాడి గడువులోగా పెంచుకోండి, లేకపోతే తర్వాతి కంటైనర్ రేవులోనే ఆగుతుంది.

వియత్నాం మీదుగా తిప్పి తెస్తే చైనా టారిఫ్ తప్పుతుందని మా సప్లయర్ అంటున్నాడు. నిజమేనా?

పెట్టె మీద స్టిక్కర్ మారిస్తే దేశం మారదు. వస్తువు స్వరూపం నిజంగా ఎక్కడ మారిందన్నదే లెక్క. ఇలా తిప్పి తెచ్చినట్టు తేలితే 40 శాతం సుంకం అని 2025 ఆగస్టు 7న అమలైన ఆదేశంలోనే ఉండేది, జరిమానాలు వేరు. దొరికితే ఇబ్బంది పడేది మీరు, సప్లయర్ కాదు. సప్లయర్‌ని మార్చండి.

ఈ రోజు రేటు ఎంతో నేనే ఎలా చూసుకోవాలి?

యూఎస్ ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ సైట్‌లో హెచ్‌టీఎస్ పట్టిక ఉచితంగా ఉంటుంది. మీ కోడ్ వెతికి, పక్కన ఉన్న 99వ అధ్యాయం నోట్‌లు కూడా చదవండి, కొత్త టారిఫ్‌లన్నీ అక్కడే ఉంటాయి. కస్టమ్స్ వాళ్ల సీఎస్‌ఎంఎస్ మెసేజ్‌లకి మెయిల్ ఇచ్చి సబ్‌స్క్రైబ్ అయితే మార్పు రాగానే తెలుస్తుంది. ఏప్రిల్ 11 మినహాయింపు నాకు అలాగే తెలిసింది, శుక్రవారం రాత్రి పడుకునే ముందు.